నాన్న కాళ్ళ మంటలకి చూపించిన న్యూరో క్లినిక్ - మా అనుభవం

నాన్నకి షుగర్ వచ్చి పద్నాలుగేళ్ళు. రెండేళ్ళుగా అరికాళ్ళ మంటలు, రాత్రి దుప్పటి తగిలినా ఓర్చుకోలేరు. ఒకరోజు బజారు నుంచి ఒక కాలికే చెప్పుతో ఇంటికొచ్చారు, రెండోది ఎక్కడ జారిపోయిందో తెలీనే లేదంట. నాకు భయమేసి గుంటూరులో ఒక న్యూరో క్లినిక్‌కి తీసుకెళ్ళా.

అంతకుముందు ఆన్‌లైన్‌లో వేడి, వైబ్రేషన్ ఇచ్చే మెషిన్ ఒకటి కొన్నాం, డబ్బులు దండగ. పైగా స్పర్శ లేని కాలికి వేడి పెడితే బొబ్బలెక్కినా తెలీదని డాక్టర్ గారు చెప్పాక గుండె ఝల్లుమంది.

ఇక్కడ నచ్చింది ఏంటంటే ముందు కాళ్ళు చూశారు. నాన్నని కళ్ళు మూసుకోమని 10 గ్రాముల నైలాన్ దారం (10 గ్రాముల ఒత్తిడికి వంగేది) కాలి వేళ్ళకి ఆనించి తగిలితే చెప్పమన్నారు, నాలుగైదు చోట్ల ఆనించాక నాన్న "ఇంకా మొదలెట్టలేదా అండీ" అన్నారు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తర్వాత ట్యూనింగ్ ఫోర్క్ (కొడితే అదిరే లోహపు కడ్డీ, ఆ అదురు కాలికి తెలుస్తుందా అని చూస్తారు), నెర్వ్ కండక్షన్ టెస్ట్ (నరాల్లో సంకేతం ఎంత బాగా పోతుందో చూసేది). ఒంట్లో అన్నిటికంటే పొడుగు నరాలు పాదాలకి వెళ్ళేవేనంట, అందుకే షుగర్ వల్ల నరాలు దెబ్బతినడం ముందు కాలి వేళ్ళ దగ్గర మొదలై మేజోడు తొడిగినట్టు పైకి పాకుతుందంట. మెట్‌ఫార్మిన్ (నాన్న వాడే షుగర్ మాత్ర) ఏళ్ళ తరబడి వాడితే విటమిన్ బి12 తగ్గొచ్చని ఆ టెస్ట్ కూడా చేయించారు, నిజంగానే తక్కువుంది, ఇంజెక్షన్లు మొదలెట్టారు, అలాగని మెట్‌ఫార్మిన్ సొంతంగా ఆపొద్దని గట్టిగా చెప్పారు.

రాత్రికి ప్రెగాబలిన్ రాశారు. ఇది మంట తగ్గిస్తుంది గానీ నరాన్ని బాగుచెయ్యదు, ఇంకా పాడవకుండా ఉండాలంటే షుగర్ అదుపులో పెట్టాలి అని మొహం మీదే చెప్పారు, ఆ మాటకే నాకు నమ్మకం కుదిరింది. మొదటి వారం మత్తు, తూలడం, ఫోన్ చేస్తే డోసు తగ్గించారు. మూడు నెలలైంది, నాన్న నిద్రపోతున్నారు. తిమ్మిరి మాత్రం అలాగే ఉంది.

బాలేనిది వెయిటింగ్. పదకొండుకి టైమ్ ఇచ్చి రెండుకి పిలిచారు, షుగర్ వాళ్ళు అంతసేపు తినకుండా ఎలా ఉంటారు? టిఫిన్ డబ్బా, వాడుతున్న మందుల షీట్లు తప్పకుండా తీసుకెళ్ళండి.

ఎమ్‌సీఆర్ చెప్పులు (షుగర్ వాళ్ళ కాళ్ళకి మెత్తటి రబ్బరుతో చేసేవి) ఇంట్లో కూడా వేసుకోమన్నారు, ఎండలో గుడి ప్రదక్షిణ వద్దన్నారు, రోజూ అరికాళ్ళు చూసుకోమని సిస్టర్ అద్దం పెట్టి నేర్పారు. నాన్నకి వంగడం కష్టం, మా పాపే టార్చ్ వేసి చూస్తుంది, పోయిన వారం చిటికెన వేలి కింద చిన్న గాటు అదే పట్టుకుంది.