60 లీటర్ల డయాఫ్రం ఎయిర్ పంపు: ఊగేది పంపే, నీళ్లు కాదు

చిన్న బయోఫ్లాక్ ట్యాంకులకు (నీటిలోనే బ్యాక్టీరియా ముద్దలను, అంటే ఫ్లాక్‌ను, పెంచుతూ చేపలు పెంచే పద్ధతి) వాడే ఎయిర్ పంపుల్లో బాగా నడిచే రకం ఇది, నిమిషానికి 60 లీటర్ల గాలి ఇచ్చేది. లోపల రెండు కాయిళ్ల మధ్య అయస్కాంతాలు బిగించిన కడ్డీ, దాని రెండు కొసలకూ రబ్బరు డయాఫ్రంలు. మన 50 హెర్ట్జ్ కరెంటుకు కడ్డీ సెకనుకు 50 సార్లు ఆడుతుంది. ఆయిల్ పని లేదు, గాలి శుభ్రంగా వస్తుంది. పంపుగా మంచి మార్కులే. "వైబ్రేషన్‌తో ఆక్సిజన్ డబుల్" అని ఎవరైనా అమ్మితే మాత్రం ఆ మాటకు సున్నా.

అలాగని అది పూర్తిగా కల్పితమూ కాదు. ప్రయోగశాలల్లో సన్నటి బబుల్ కాలమ్ (కింది నుంచి గాలి బుడగలు వదిలే నిలువు నీటి గొట్టం) అడుగును సెకనుకు 40 నుంచి 120 సార్లు, మిల్లీమీటరు లోపు ఊపితే ఆక్సిజన్ కరిగే వేగం రెండింతలైన సందర్భాలున్నాయి. నీటి ఒత్తిడి పెరిగి తగ్గుతుంటే బుడగలు చిట్లి చిన్నవవుతాయి, పైకి తేలడం నెమ్మదిస్తుంది. కానీ అక్కడ ఊగేది నీరు. వెయ్యి లీటర్ల నీటిని సెకనుకు 50 సార్లు, అటూ ఇటూ అర మిల్లీమీటరు చొప్పున ఊపాలంటే దాదాపు 5 టన్నుల బలం కావాలి. ఈ పంపు అదురు ట్యూబులోని గాలిలోనే స్ప్రింగులా నలిగి, ఎయిర్ స్టోన్ (గాలిని బుడగలుగా వదిలే రాయి) చేరేసరికి చాలావరకు చచ్చిపోతుంది.

కాబట్టి డబ్బు స్టోన్ మీద పెట్టండి. అదే గాలికి బుడగ వ్యాసం సగమైతే నీటిని తాకే వైశాల్యం రెట్టింపు. లెక్క చూడండి: నిమిషానికి 60 లీటర్లంటే గంటకు 3.6 ఘనపు మీటర్లు, అందులో ఆక్సిజన్ కిలోకి కాస్త తక్కువ. మీటరు లోతులో సన్న బుడగలైతే శుభ్రమైన, ఆక్సిజన్ లేని నీటిలో అందులో 6 శాతం కరుగుతుంది, పెద్ద బుడగలైతే 2, 3 శాతం. డీవో (నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్) లీటరుకు 5 మిల్లీగ్రాముల దగ్గరున్న 30 డిగ్రీల ఫ్లాక్ నీటిలో గంటకు 10, 15 గ్రాములు దక్కితే గొప్ప. చేప కిలోకు గంటకు 0.3 గ్రాములు తీసుకుంటుందనుకుంటే అది 40 కిలోల చేపలకు అటూ ఇటూ సరిపోతుంది. ఫ్లాక్ వాడేసుకునే ఆక్సిజన్ వేరే.

కొనేముందు 60 లీటర్లు ఏ లోతు దగ్గరో అడగండి. మంచి పంపులకు 1.5 మీటర్ల నీటి ఒత్తిడి దగ్గర రాస్తారు, చవకవాటికి ట్యూబు విప్పేసి కొలిచిన అంకె వేస్తారు.

పాడయ్యేది ఎక్కువగా డయాఫ్రమే. స్టోన్లు పూడుకుపోయినా, మానిఫోల్డులో (గాలిని ట్యూబులకు పంచే గొట్టం) సగం వాల్వులు మూసినా ఒత్తిడి పెరుగుతుంది, పంపు వేడెక్కుతుంది, రబ్బరు చిరుగుతుంది. చిరిగాక కడ్డీ పక్కకు ఒరిగి కాయిల్‌కు కొట్టుకోకుండా, సేఫ్టీ స్విచ్ ఉన్న మోడళ్లు వాటంతట అవే ఆగిపోతాయి. చాలామంది దాన్నే "మోటారు కాలిపోయింది" అనుకుని పంపును మూలన పడేస్తారు. ఒకవైపే చిరిగినా డయాఫ్రంలు రెండూ, లోపలి వాల్వులూ కలిపి మార్చండి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద పెడితే బుయ్యిమంటుంది, వేడెక్కుతుంది. ప్యూర్ సైన్ వేవే వాడండి.

పంపు నీటి మట్టానికి పైనే ఉండాలి, లేదా నాన్ రిటర్న్ వాల్వు (గాలిని ముందుకే పోనిచ్చి, నీటిని వెనక్కి రానివ్వనిది) పెట్టాలి. లేదంటే కరెంటు పోతే ట్యూబులోంచి నీళ్లు వెనక్కి పాకి కాయిళ్లలోకి దిగుతాయి. నెలకోసారి ఫిల్టర్ స్పాంజి కడిగి, పూర్తిగా ఆరాకే బిగించండి.