జంటగా తప్ప పుస్తకం ఇవ్వని కొట్టు, శ్రీకాకుళం

ఏడు రోడ్ల జంక్షన్‌కి కాస్త దూరంలో ఒక సందులో, కుట్టుమిషన్లు బాగుచేసే షాపు మేడ మీద అద్దె పుస్తకాల కొట్టు ఉంది. బోర్డు లేదు. రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన సాయంత్రం ఐదు నుంచి ఎనిమిదిన్నర దాకా తెరుస్తారు, ఆదివారం పొద్దున్న కూడా. ఆర్నెల్లుగా వెళ్తున్నాను కాబట్టే ఈ రివ్యూ. మనిషి ఎందుకిలా చేస్తాడు, పుట్టుకతో వచ్చిందెంత, నేర్చుకున్నదెంత, నాగరికత అంటున్నాం కదా అది మనల్ని బాగుచేసిందా లేదా అని ఎప్పుడైనా ఆలోచనలో పడినవాళ్ళు తప్పకుండా వెళ్ళండి.

డిపాజిట్ ఐదొందలు, జంటకి పదిహేను రోజులకి ముప్పై రూపాయలు. జంట అంటే ఇద్దరు మనుషులు కాదు, కలిపి ఇచ్చే రెండు పుస్తకాలు, ఎందుకో చెప్తాను.

మొదటిసారి వెళ్ళినప్పుడు మనసు గురించి రాసిన వియన్నా డాక్టరు ఫ్రాయిడ్ పుస్తకం కావాలని అడిగేను, అంతకుముందు ఆన్‌లైన్‌లో ఒకచోట ఆర్డర్ పెడితే మధ్యలో పదహారు పేజీలు లేని కాపీ వచ్చింది, వాపసుకి నెల పట్టింది, ఆ విసుగులో ఉన్నాను. మాస్టారు, నాగరికత మీద ఫ్రాయిడ్ 1930లో వేసిన పుస్తకం తీసి, దాని మీద రష్యా ఆలోచనాపరుడు క్రొపోట్కిన్ ఒకరికొకరు సాయం చేసుకోవడం గురించి 1902లో వేసిన పుస్తకం పెట్టి ఇచ్చేరు. ఒకటి చాలు మాస్టారూ అన్నాను. "ఒకటి ఇవ్వనమ్మా. ఒకడి మాటే ఇనేసి ఎల్లిపోతే తగువు ఎలా తీరుస్తావు, రెండూ అట్టుకెళ్ళు" అన్నారు. ఇంకో మాట కూడా అన్నారు, "రాసినోడు ఏ కాలంలో నిలబడి రాసేడో ముందు అది సూడు" అని.

నిజంగా అలా చూస్తేనే ఈ పుస్తకాలు అర్థమవుతాయండి. ఫ్రాయిడ్ కొడుకులు మొదటి ప్రపంచ యుద్ధంలో ఉన్నారు, అంత చంపుకోవడం చూసేక మనిషి మెత్తటి జీవి, ఎవరైనా మీద పడితేనే ఎదురుతిరుగుతాడు అనే మాట ఆయన నమ్మలేకపోయేడు. పక్కవాడి మీద విరుచుకుపడాలనే కోరిక మనలోనే ఉంది, నాగరికత దాన్ని అణిచిపెడుతుంది, అణిగిన కోపం ఎక్కడికీ పోదు, లోపలికి తిరిగి మన మీదే మనకి తప్పు చేసిన భావం అయి కూర్చుంటుంది, అందుకే ఇన్ని సౌకర్యాలున్నా మనిషికి సుఖం లేదు అంటాడు. మూడేళ్ళకి, 1933లో, నాజీలు ఆయన పుస్తకాలే తగలబెట్టేరు. క్రొపోట్కిన్ కుర్రాడిగా ఉన్నప్పుడు సైబీరియాలో తిరిగినవాడు. ఆ చలిలో జంతువులు తమలో తాము కొట్టుకోవడం కంటే గుంపుగా ఉండి బతికి బయటపడడమే ఎక్కువగా చూసేడు. లోకమంతా రోమన్లు కత్తులతో ఆడించిన గ్లాడియేటర్ల పోటీయే అన్నట్టు ఇంగ్లండు శాస్త్రవేత్త హక్స్‌లీ 1888లో రాస్తే దానికి జవాబుగా మొదలెట్టిన వ్యాసాలే ఆ పుస్తకం అయ్యేయి.

రెండూ చదువుతుంటే నాకు తిత్లీ తుఫానే గుర్తొచ్చింది. మాది ఉద్దానం. 2018 అక్టోబరు 11 తెల్లారగట్ల కొబ్బరీ జీడీ అన్నీ పడిపోయేయి, రోడ్డు మీద నడవడానికి చోటు లేదు, అప్పుడు ఎవరూ పిలవకుండానే వీధంతా కత్తులూ గొడ్డళ్ళూ పట్టుకుని వచ్చేరు, మాతో ఏళ్ళ తరబడి మాటల్లేనివాళ్ళు మా అరుగు మీద పడ్డ చెట్టు నరికి పక్కకి లాగేరు. నాలుగో రోజు నీళ్ళ ట్యాంకర్ వచ్చింది. అదే మనుషులు బిందెల దగ్గర జుట్లు పట్టుకున్నారు, మా చిన్నమ్మ చేతికి బిందె అంచు గీసుకుని రక్తం కారడం నేను దగ్గరుండి చూసేను. ఆవిడే మర్నాడు తనని తోసినావిడ పిల్లకి జొరమొస్తే గంజి పట్టుకెళ్ళింది. ఫ్రాయిడ్ ఒక్కడినే చదివి ఉంటే నాకు ఆ బిందె మాత్రమే గుర్తుండేది.

రెండో జంట ఇద్దరు తత్వవేత్తలది, హాబ్స్, రూసో. హాబ్స్ 1651 పుస్తకం, ఇంగ్లండులో అంతర్యుద్ధం జరుగుతుంటే పారిస్‌లో తలదాచుకుని రాసేడు, గట్టి పాలన లేకపోతే ప్రతివాడికీ ప్రతివాడితో యుద్ధమే అని. రూసో 1755లో దీన్ని తిరగేసేడు, ఎవడో ఒకడు నేలకి కంచె వేసి ఇది నాది అనడం, మిగతావాళ్ళు అమాయకంగా నమ్మడం, అక్కడే మొదలైంది ఇదంతా అని. గట్టు తగువుల ఊళ్ళో పెరిగినదాన్ని, ఏటా జానెడు గట్టు చెక్కి మడిలో కలుపుకునేవాళ్ళని చూసేను, నాకు రూసో వెంటనే పట్టేడు. కానీ ఆ తగువు పెద్దమనుషులో కోర్టో లేకుండా తీరినట్టు మాత్రం నేనెప్పుడూ చూడలేదు, అక్కడ హాబ్స్ మాటకి జవాబు లేదు.

లోరెంజ్, స్కిన్నర్ ఇద్దరూ జంతువుల నడత మీద పనిచేసిన శాస్త్రవేత్తలు, టీచర్లయినవాళ్ళు ఈ జంట తప్పక తీసుకోండి. గుడ్డులోంచి రాగానే కదిలేది ఏది కనిపిస్తే దాన్నే తల్లి అనుకుని బాతుపిల్లలు వెంటపడతాయని లోరెంజ్ చూపించేడు, ఆయన వెనకే నడిచేవి, 1973లో అదే రంగంలోని టిన్‌బెర్గెన్, ఫ్రిష్‌లతో కలిపి నోబెల్ ఇచ్చేరు. మా మామ్మ కోడిపెట్ట కింద బాతుగుడ్లు పెట్టి పొదిగించేది. పిల్లలు దాని వెనకే తిరిగి తిరిగి చెరువు కనబడగానే దిగిపోయేవి, ఆ కోడి గట్టు మీద రెక్కలు కొట్టుకుంటూ అటూ ఇటూ పరుగెత్తేది. తల్లెవరో కళ్ళు తెరిచేక నేర్చుకున్నాయి, ఈత మాత్రం ఎవరూ నేర్పలేదు, రెండూ ఒకే పిల్లలో! కానీ మనుషుల దౌర్జన్యం కూడా లోపల నీళ్ళలా నిండి పొర్లుతుందని ఆయన అన్నది నేను ఒప్పుకోను. ఆయన 1938లో నాజీ పార్టీలో చేరిన సంగతి కూడా మాస్టారే చెప్పేరు. యుద్ధం మన రక్తంలో ఉందనడం సైన్సు ప్రకారం తప్పు అని 1986లో స్పెయిన్‌లోని సెవిల్‌లో శాస్త్రవేత్తలు ప్రకటన చేస్తే 1989లో యునెస్కో దాన్ని స్వీకరించింది. స్కిన్నర్ 1948లో పావురాలకి, అవి ఏం చేసినా చేయకపోయినా, లెక్కప్రకారం కొంతసేపటికోసారి గింజలు పడేలా పెట్టేడు. గింజ పడినప్పుడు గుండ్రంగా తిరుగుతున్నది ఇంక తిరుగుతూనే ఉంది, దానివల్లే గింజ వస్తోందన్నట్టు. పరీక్షకి అదే పెన్ను కావాలని ఏడ్చే పిల్లాడిని ఆ తర్వాత నేను ఒక్కసారీ తిట్టలేదు.

లోపాలూ చెప్పాలి. మెట్లు బాగా నిటారు, పెద్దవాళ్ళకి కష్టం. దుమ్ము ఉంది, మాస్టారు పేజీల్లో వేపాకు పెట్టినా సమాజశాస్త్రవేత్త నార్బర్ట్ ఎలియాస్ 1939 పుస్తకం ముందు పేజీలు చెదలు తినేసేయి, భోజనం బల్ల దగ్గర మర్యాదలు ఎలా మారేయో చెప్పే పుస్తకం అది, దొరక్కపోతే పెద్ద నష్టం. ఎక్కువ ఇంగ్లీషువే. రథసప్తమికి అరసవల్లి రద్దీలో కొట్టు తెరవరు.

అసలు ఫిర్యాదు వేరే. బీరువా నిండా మగవాళ్ళే. బిడ్డని పెంచడం గురించి ఒక్కరూ సరిగా రాయకుండా మనిషి స్వభావం తేల్చేస్తారేటి మాస్టారూ అని అడిగితే ఆయన కాసేపు మాట్లాడలేదు, నోట్‌బుక్కులో ఏదో రాసుకున్నారు. నెల తిరక్కుండా మానవశాస్త్రవేత్త సారా హర్డీ 2009 పుస్తకం తెప్పించేరు. విమానం నిండా చింపాంజీలని కూర్చోబెడితే ఒక్కటైనా వేళ్ళూ చెవులూ సరిగ్గా ఉండి దిగుతుందా అనే ప్రశ్నతో మొదలవుతుంది. మనుషులం మనం మాత్రం ముక్కూమొహం తెలియనివాళ్ళ మధ్య గొడవ పడకుండా కూర్చోగలగడానికి మూలం, పిల్లల్ని తల్లి ఒక్కతే కాకుండా మామ్మలూ అక్కలూ ఇంకా ఎందరో కలిసి పెంచడం అంటుంది ఆవిడ.

దాన్ని పలాస ప్యాసింజర్లో చదువుతున్నాను. ఆమదాలవలసలో ఇసుకేస్తే రాలనంత జనం ఎక్కేరు, ఒకమ్మాయి చంటిబిడ్డతో తలుపు దగ్గరే ఇరుక్కుపోయింది. లోపల కూర్చున్న ముసలావిడ చెయ్యి చాపింది, "ఇటివ్వమ్మా గుంటని", ఆ అమ్మాయి ముఖమైనా సరిగా చూడకుండా ఇచ్చేసింది, నాలుగు చేతులు మారి బిడ్డ నా ఒళ్ళోకొచ్చింది, పుస్తకం అట్ట పట్టుకుని నములుతోంది. ఆ పళ్ళ గాటుకి మాస్టారు ఫైను వెయ్యలేదు.

నా మార్కు ఐదుకి నాలుగున్నర, తగ్గించిన ఆ అర మెట్లకీ చెదలకీ. హర్డీ, దానికి జోడీగా ఇచ్చిన, మనిషి పుట్టుక మీద డార్విన్ 1871 పుస్తకం ఇప్పుడు నా దగ్గరున్నాయి, వచ్చే ఆదివారం తిరిగిచ్చేస్తాను, కావలసినవాళ్ళు ఆ సాయంత్రమే వెళ్ళండి, ఒక్కో కాపీయే ఉంది.