ప్రయోగశాలకు మెట్రో, ఫీడర్ బస్సు: ఏడాదిన్నర ప్రయాణం తర్వాత

ఏడాదిన్నరగా వారానికి ఆరు రోజులు ఇంటి నుంచి మెట్రోలోను, స్టేషను నుంచి ప్రయోగశాల దాకా ఫీడర్ బస్సులోను వెళ్లివస్తున్నాను. బాక్టీరియాతో పనిచేసే పరిశోధకుడికి ఈ సేవ ఎంతవరకు అక్కరకు వస్తుందన్న ఒక్క విషయం మీదే ఈ సమీక్ష.

రైలు విషయంలో నాకు పెద్దగా ఫిర్యాదు లేదు. మొదటి స్టేషనులోనే ఎక్కుతాను కనుక సీటు దొరుకుతుంది. కుదుపులు లేని ఆ 40 నిమిషాల్లో ఒక పరిశోధనా పత్రం చదివి ముగించవచ్చు. నా థీసిస్ రెండో అధ్యాయంలో సగం దిద్దుబాట్లు అక్కడే జరిగాయి. సొరంగంలో ఫోను సిగ్నల్ పోవడాన్ని కూడా నేను సదుపాయాల్లోనే లెక్కవేస్తాను.

అసలు చిక్కంతా ఫీడర్ బస్సుతోనే. 10 నిమిషాలకొకటి అని బోర్డు మీద రాసి ఉంటుంది, రోజు మొత్తానికి లెక్కిస్తే సగటు కూడా అంతే వస్తుంది. కానీ బస్సులు 2 నిమిషాల తేడాతో జంటగా వచ్చి, ఆ తర్వాత 18 నిమిషాలు కనిపించవు. బస్సులు సమాన వ్యవధిలో వస్తే ప్రయాణికుడు సగటున 5 నిమిషాలు వేచి ఉంటే సరిపోయేది, ఇలా జంటలుగా వస్తే అది 8.2 నిమిషాలు అవుతుంది, ఎందుకంటే ఎక్కువమంది వచ్చి నిలబడేది ఆ పెద్ద ఖాళీలోనే.

మూడు నిమిషాలకే ఇంత రాద్ధాంతమా అనిపించవచ్చు. ఈ.కోలై బాక్టీరియా మంచి పోషక ద్రవంలో, 37 డిగ్రీల వద్ద, సుమారు 20 నిమిషాలకొకసారి రెట్టింపవుతుంది. ఒక రోజు ఉదయం సహోద్యోగి కల్చర్ (పోషక ద్రవంలో బాక్టీరియా పెంపకం) మొదలుపెట్టి వెళ్లారు; బాక్టీరియా ఎంత పెరిగిందో ద్రవం మసకను బట్టి చెప్పే కొలత, ఓడీ, 0.6 దగ్గర నేను వచ్చి, బాక్టీరియా చేత మాకు కావలసిన ప్రోటీన్ తయారుచేయించే ఐపీటీజీ అనే రసాయనం కలపాలన్నది మా ఏర్పాటు. రెండు బస్సులూ కళ్లముందే వెళ్లిపోయాయి. నేను చేరేసరికి మీటరు 1.1 చూపించింది, బాక్టీరియా అప్పటికే మించి పెరిగిపోవడంతో ఆ రోజు పని సింకులో పోయింది.

అమెరికా ఆవిష్కర్తలపై షియావో, వూ, కిమ్ చేసిన అధ్యయనంలో, ఉద్యోగ స్థలానికి దూరం 10 కిలోమీటర్లు పెరిగితే పేటెంట్ల సంఖ్య సుమారు 5 శాతం తగ్గినట్లు తేలింది. పేటెంటు, పరిశోధనా పత్రం ఒకటి కావు గానీ, ఆ సింకు ముందు నిలబడ్డ నాకు ఆ తగ్గుదల ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకోవడం కష్టం కాలేదు.

చివరి రైలు రాత్రి 11 గంటలకే వెళ్లిపోతుంది. అందువల్ల నాలుగు గంటలకొకసారి నమూనా తీయవలసిన ప్రయోగాలను జీవశాస్త్రం ప్రకారం కాక టైంటేబుల్ ప్రకారం రూపొందించుకుంటున్నాం.

కొత్త లైను వచ్చాక మాస్ స్పెక్ట్రోమీటర్ (అణువుల ద్రవ్యరాశిని కొలిచే యంత్రం) ఉన్న విశ్వవిద్యాలయానికి వెళ్లడం సులువైంది, అక్కడివారితో ఉమ్మడి పని కూడా మొదలైంది. తనిఖీ దగ్గర ప్రతిసారీ ఐస్ పెట్టె మూత తెరిపించడం మాత్రం మానాలి.

రైలుకు ఐదింట నాలుగున్నర, ఫీడర్ బస్సుకు రెండు. ఉదయం కల్చర్‌కు ఐపీటీజీ కలిపే పని ఇప్పుడు క్యాంపస్ హాస్టల్లో ఉండే విద్యార్థికి అప్పగించాను.