పెరట్లో షటిల్ కోర్టు: కొన్ని ఎండలు, కొన్ని వానలు చూశాక

తిరుపతిలో అవిలాల వైపు మా ఇల్లు. ఇంటి వెనక ఖాళీ స్థలంలో 2022 వేసవిలో షటిల్ కోర్టు వేయించాం. చూసినవాళ్ళు రంగు గురించి, లైట్ల గురించి అడుగుతారు. నేను మాత్రం ముందు వాళ్ళనే ఒకటి అడుగుతాను: వాన పడితే మీ పెరట్లో నీళ్ళు ఎటు పోతాయి?

2021 నవంబరు వరద చూసినవాళ్ళకు ఈ ప్రశ్న ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. మా పెరట్లో అప్పుడు నిలిచిన నీళ్ళు తూర్పు మూలగుండా తీశాయి. ఆ గుర్తు పట్టుకునే కోర్టు మట్టం ఖాయం చేశాం. చుట్టూ ఉన్న నేలకన్నా అడుగు ఎత్తు, వాటం తూర్పుకు.

డబుల్స్ కోర్టు 44 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. గీతల వరకే కాంక్రీటు పోయిస్తే మాత్రం ఆట సాగదు. వెనక్కి జరిగి కొట్టడానికి, పక్కకు వంగి తీయడానికి చోటుండాలి. మేము 54కు 26 వేయించాం. స్థలం ఉన్నవాళ్ళు వెనక ఇంకో రెండు అడుగులు వదలండి. పొడవు ఉత్తర దక్షిణాలుగా ఉండాలి, లేదంటే సాయంత్రం ఒకవైపు వాళ్ళకు ఎండ నేరుగా కళ్ళలో కొడుతుంది.

ఖర్చులో సగానికి పైగా కంటికి కనిపించని పనికే పోయింది. పైమట్టి తీసి, గ్రావెల్ పోసి, తడిపి, రోలర్‌తో తొక్కించాం. దాని మీద పాలిథిన్ షీటు, ఆ పైన నాలుగు అంగుళాల కాంక్రీటు. షీటు వద్దని చాలామంది అన్నారు. కింది తడి పైకెక్కితే పైన వేసే యాక్రిలిక్ రంగు పూత బుడగలు కట్టి లేస్తుంది కాబట్టి నేను పట్టుబట్టాను. వాటం దగ్గర కూడా వాదన నడిచింది. పది అడుగులకు ఒక అంగుళం, అదీ పడమర అంచు నుంచి తూర్పు అంచుకు ఒకే వాలు కావాలన్నాను. "షటిల్‌కు అంత వాటం ఎందుకు సార్, నిలిచిన నీళ్ళు ఊడ్చేస్తే పోతాయి కదా" అన్నాడు మేస్త్రి. ఏటా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఊడుస్తూ కూర్చోవడం ఎవరి వల్లా కాదు. చివరికి లెవల్ పైపు పట్టి, ఒక్కో చోటా కొలిచి పోశాడు. రంగు వేసేవాళ్ళు వారానికే వస్తామని తొందరపెట్టారు. 28 రోజులు నీళ్ళు పట్టి, బాగా ఆరనిచ్చాకే రమ్మన్నాను.

2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను వానలకు మా వీధిలో మోకాలి లోతు నీళ్ళు. వాన ఆగాక కోర్టు మీద నీళ్ళు ఎంతోసేపు నిలవలేదు. ఆ రోజు మేస్త్రికి ఫోన్ చేసి మరీ చెప్పాను.

లోపాలూ ఉన్నాయి. ఉత్తరం వైపు వెనక గీత దగ్గర చేటంత పల్లం ఉంది, అక్కడ నీళ్ళు నిలిచి పూత మాసింది. ప్రహరీ నీడ పడే చోట వానాకాలంలో పాచి పడుతుంది. అది చాలా ప్రమాదం, గట్టి బ్రష్షుతో రుద్ది కడిగేదాకా పిల్లల్ని దిగనివ్వను. సర్వీస్ చేసేచోట పూతలోని ఇసుక గరుకు అరిగిపోయింది. ఏప్రిల్, మే నెలల్లో చీకటి పడ్డాక కూడా నేల సెగలు కక్కుతుంది. ఉత్త కాళ్ళతో అడుగు పెట్టలేం. నేల గట్టిది కాబట్టి మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు మెత్తటి పొర వేసే రకం యాక్రిలిక్ గురించి ముందే అడగండి.

అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది గాలి. ఆడి నెల (జూలై, ఆగస్టు) గాలికి ఐదు గ్రాముల షటిల్ ఎటు పోతుందో చెప్పలేం. ఈకల షటిల్ ఆరుబయట దండగ. నైలాన్‌లో పచ్చ పట్టీ ఉన్నది, అంటే మెల్లగా వెళ్ళే రకం, మన వేడికి సరిపోతుంది. పడమర వైపు పైపులు పాతి షేడ్ నెట్ కట్టాక కొంత నయం. అయినా జూలైలో సాయంత్రాలు చాలావరకు ఆట లేనట్టే. ఉదయం ఆరు గంటలకే గాలి తక్కువ.

ఆ నెలల్లో మమ్మల్ని ఆదుకున్నది పికిల్‌బాల్, అంటే చిన్న బ్యాటుతో, చిల్లుల ప్లాస్టిక్ బంతితో ఆడే ఆట. దాని కోర్టు కొలతా సరిగ్గా 44కు 20. నెట్టు మాత్రం కిందికి దించాలి. షటిల్‌కు మధ్యలో ఐదు అడుగులైతే దీనికి 34 అంగుళాలు. నెట్టు ముందు గీత షటిల్‌కు ఆరున్నర అడుగుల దగ్గర, దీనికి ఏడు అడుగుల దగ్గర వస్తుంది కాబట్టి వేరే రంగులో గీయించాం. ప్లాస్టిక్ బంతి గాలికి షటిలంత కొట్టుకుపోదు. చప్పుడు మాత్రం ఎక్కువ, మధ్యాహ్నం పక్కింట్లో పెద్దవాళ్ళు పడుకునే వేళ ఆడం.

లైటు స్తంభాలు కోర్టు వెనక కాకుండా పక్కల పెట్టించండి, పైకి చూసినప్పుడు కళ్ళు చెదరవు. వెలుగు ఇరుగుపొరుగు కిటికీల్లో పడకుండా కిందికి తిప్పండి. తొలకరికి ఉసుళ్ళు లేచినప్పుడు మాత్రం లైటు ఆర్పి లోపలికి పోవడమే.

ఇంత పెట్టుబడికి తగిన ఫలితం ఉందా అంటే నాకు ఉంది. మా వీధిలో ఆడపిల్లల్ని సాయంత్రం దూరం మైదానాలకు పంపేవాళ్ళు కాదు. ఇప్పుడు వాళ్ళు రోజూ ఇక్కడికొస్తున్నారు, అమ్మలు అరుగు మీద కూర్చుంటారు. వాళ్ళలో ఒకమ్మాయి స్మాష్ నేను తీయలేకపోతున్నాను, అంత సంతోషం నాకు వేరే దేనిలోనూ లేదు. మీ ఇంట్లో ఇద్దరే ఆడేవాళ్ళుండి, ఇరుగుపొరుగుకు గేటు తీసే ఉద్దేశం లేకపోతే మాత్రం ఇండోర్ కోర్టు అద్దెకు తీసుకోవడం మేలు.

వచ్చే ఫిబ్రవరిలో పల్లం పూడ్చి, మళ్ళీ రంగు వేయిస్తున్నాం. వానలు పోయి, ఎండ ముదరక ముందు పూతకు అదే మంచి అదను.