పాత సోడా సీసాల కోసం పది రోజులు

గురువారం తెల్లవారుజామున హైదరాబాదులోని జుమ్మేరాత్ బజారులో మొదలై, కాకినాడ దగ్గరి రామచంద్రపురం మీదుగా తమిళనాడు చెట్టినాడులోని కారైక్కుడి దాకా సాగిన ఈ ప్రయాణంలో నేను వెతికింది ఒక్కటే: ఊరి కంపెనీలు తయారుచేసిన సోడా, కూల్‌డ్రింకుల పాత సీసాలు.

జుమ్మేరాత్ బజారులో తుక్కు ఇనుము, పాత ఫ్యాన్ల నడుమ సీసాలు కుప్పగా పడి ఉంటాయి. ధర చవకే గాని బేరం తప్పదు. ఎండెక్కితే జనంలో నిలబడలేము. అక్కడ కొన్న రెండు గోలీ సీసాలలో ఒకటి కొత్తదని, బురద పూసి పాతదిగా అంటగట్టారని గదికి వచ్చి కడిగాక గాని తెలియలేదు. నిజంగా పాత సీసాకు అడుగు అంచున, పొట్ట చుట్టూ, ఏళ్ల తరబడి పక్క సీసాలతో ఒరుసుకున్న గరుకు ఉంటుంది. ఆ గరుకు కంటికన్నా ముందు బొటనవేలికి తెలుస్తుంది.

రామచంద్రపురం మీద నాకు ఎక్కువ ఆశ ఉండేది. 1919లో మొదలైన కూల్‌డ్రింకుల కంపెనీ ఆర్టోస్ ఈ ఊరిదే, ఎ.ఆర్. రాజు టానిక్స్ అన్న పేరును కుదిస్తే వచ్చిన పేరది. బస కాకినాడలో పెట్టుకుని బస్సులో వెళ్లి రావడం మేలు, గదులు ఎంచుకోవడానికి అక్కడే వీలు ఎక్కువ. రెండు రోజులు తిరిగినా నాకు దొరికినవి మూడే సీసాలు. ఎందుకిలా అని ఒక పాత కిళ్లీకొట్టు పెద్దాయనను అడిగితే, "అవి అమ్మిన సీసాలు కావండీ. తాగేసి ఇక్కడే పెట్టెళ్లాలి. ఇంటికి పట్టుకెళ్తే డిపాజిట్టు కట్టించుకునేవాళ్లం" అన్నారు. ఆ మాటతో నా లెక్క తలకిందులైంది. ఫ్యాక్టరీకి దగ్గరి ఊళ్లలో ఖాళీ సీసా వెంటనే వెనక్కి చేరి, కడిగి నింపి, పగిలేదాకా తిరుగుతూనే ఉంటుంది; వెనక్కి పంపడం మరిచిన దూరపు ఇళ్ల అటకల మీదే అది మిగిలే అవకాశం ఎక్కువ.

కారైక్కుడి ఇందుకు సాక్ష్యం. చెన్నై ఎగ్మూరు నుంచి పల్లవన్ ఎక్స్‌ప్రెస్ నేరుగా చేరుస్తుంది. చెట్టియార్ల పాత మేడల నుంచి వచ్చిన సామాను మునీశ్వరన్ కోవిల వీధి దుకాణాలలో అమ్ముతారు. చెక్క స్తంభాలు, ఎనామిల్ గిన్నెల వెనుక నాకు తొమ్మిది సీసాలు కనిపించాయి. వాటిలో ఆకుపచ్చ ఛాయ ఉన్న ఒక గోలీ సీసాను చాలాసేపు చేతిలో తిప్పాను: గాజులో చిక్కుకున్న గాలి బుడగలు, సగం అరిగిన ఉబ్బెత్తు అక్షరాలు, పోసేటప్పుడు గోలీ దొర్లివచ్చి దారి మూయకుండా ఆపే మెడలోని రెండు నొక్కులు. ఈ రకం సీసాను ఇంగ్లండుకు చెందిన హైరమ్ కాడ్ 1872లో పేటెంటు చేశాడు. లోపలి గ్యాస్ ఒత్తిడే గోలీని రబ్బరు వాషరుకు అదిమిపెడుతుంది, వేరే మూత అక్కరలేదు. గోలీ కోసం పిల్లలు పగలగొట్టినన్ని సీసాలు మరే కారణంగానూ పోయి ఉండవని నా అనుమానం. దుకాణదారులకు విలువ బాగా తెలుసు కనుక హైదరాబాదుకు మూడింతల ధర పలికింది. అయినా నకిలీ అంటగట్టలేదు, అందుకు ఆ ధర ఇవ్వవచ్చు.

మేడలనే హోటళ్లుగా మార్చినవి అక్కడ ఉన్నాయి, చూడముచ్చటైనవే, కానీ మట్టి పట్టిన సీసాలతో వాటిలోకి వెళ్లడానికి మనసొప్పలేదు. బస్టాండు దగ్గరి మామూలు లాడ్జిలో దిగితే, మేనేజరు పెరట్లో రెండు బకెట్లు, కొబ్బరి పీచు ఇచ్చి కడుక్కోమన్నాడు. ఈ పనిమీద వెళ్లేవారు గదికన్నా ముందు పెరడు చూసుకోవాలి.

1916 నుంచి నడుస్తున్న కూల్‌డ్రింకుల కంపెనీ కాళీమార్క్ పుట్టిన విరుదునగర్‌లో పూటకన్నా ఎక్కువ ఉండలేదు. రామచంద్రపురం అనుభవమే అక్కడా ఎదురైంది. వాళ్ల కూల్‌డ్రింకు బొవొంటో చల్లగా ఒకటి తాగి తిరిగివచ్చాను.

మొత్తం పద్నాలుగు సీసాలను వరిగడ్డి చుట్టి ఒక ప్రైవేటు పార్సిల్ సర్వీసుకు అప్పగించడమే నేను చేసిన పెద్ద పొరపాటు. మూడు పగిలి వచ్చాయి, గాజుకు పూచీ లేదని రసీదు వెనుక ఉన్న అచ్చు చూపించారు. పగిలినవాటిలో ఆ ఆకుపచ్చ సీసా ఒకటి. దాని గోలీని మా మనవడు అప్పుడే జేబులో వేసుకున్నాడు.