ఫొటోలు చదివే ఏఐ: ఓపెన్ మోడళ్లు, అద్దె మోడళ్లు చాలాకాలం వాడాక

గోదాము ఫొటోల్లో పెట్టెలు లెక్కపెట్టడం, వాటి మీది లేబుళ్లు చదవడం, స్కాన్ చేసిన పాత కాగితాల్లోంచి పట్టికలు తీయడం నేను రోజూ చేసే పని. ఇందుకు వెయిట్లు (శిక్షణలో మోడల్ నేర్చుకున్న అంకెలు) డౌన్‌లోడ్ చేసుకోగల ఓపెన్ మోడళ్లనూ వాడాను, కంపెనీలు తమ సర్వర్లలోనే ఉంచుకుని అద్దెకిచ్చే మోడళ్లనూ వాడాను. ఏది మేలని అడిగితే, ముందు పనిని విడదీయమంటాను. వస్తువు అంచు గీయడం, ఎన్ని ఉన్నాయో లెక్కించడం, రాత చదవడం వేర్వేరు పనులు. మూడింటిలోనూ ఒకే మోడల్ గెలవడం నేను చూడలేదు.

అంచు గీసే పనికి నేను అద్దె మోడళ్ల వైపు చూడటమే మానేశాను. మెటా 2023 ఏప్రిల్‌లో విడుదల చేసిన ఓపెన్ మోడల్ సామ్ 1.1 కోట్ల చిత్రాలు, వంద కోట్లకు పైగా మాస్కులతో (వస్తువుల ఆకారాన్ని గుర్తించిన పొరలు) శిక్షణ పొందింది. వస్తువు మీద ఒక చుక్క పెడితే అంచు తీసి ఇస్తుంది. 2024లో వచ్చిన సామ్ 2 వీడియోలో కదిలే వస్తువునూ వదలకుండా పట్టుకుంటుంది. తాను కత్తిరించినది ఏమిటో దానికి తెలియదు, ఆ పేరు మనమే పెట్టాలి. అయినా ఈ పనికి ఇంతకన్నా నేను కోరేదేమీ లేదు.

లెక్క దగ్గర పెద్ద మోడళ్లు తడబడతాయి. ఒకదాని వెనక ఒకటి దాగిన పెట్టెలు చూపించి ఎన్ని అంటే, నిజంగా లెక్కపెట్టకుండా, నమ్మదగినట్టు కనిపించే అంకె చెబుతాయి. ఫొటోలో వస్తువులను గుర్తించే యోలో అనే చిన్న మోడల్‌కు మన ఫొటోలతోనే శిక్షణ ఇస్తే, ఈ విషయంలో వాటికన్నా నమ్మదగినది. సంభాషణ మోడళ్లలో నన్ను ఆకట్టుకున్నది ఏఐ2 అనే పరిశోధనా సంస్థ 2024లో ఇచ్చిన ఓపెన్ మోడల్ మోల్మో. ఒక్కో వస్తువు మీద చుక్క పెట్టి చూపుతూ లెక్కపెడుతుంది కాబట్టి, తప్పితే ఎక్కడ తప్పిందో కంటికి కనిపిస్తుంది. జవాబుతో పాటు దాన్ని సరిచూసే దారి కూడా ఇచ్చే మోడల్‌కు నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

ఇక చదవడం. నా సమయమంతా ఇక్కడే పోతుంది. ముద్ర పడి మసకబారిన కాగితం, వంకరగా స్కాన్ అయిన పేజీ, చేతిరాత అయితే అద్దె మోడళ్లదే పైచేయి. శుభ్రంగా అచ్చయిన ఇంగ్లిష్ పేజీల్లో అలీబాబా ఇచ్చిన ఓపెన్ మోడల్ క్వెన్ 2.5-వీఎల్ వాటికి దాదాపు సమానంగా వస్తోంది. తెలుగు చేతిరాతకు వచ్చేసరికి తేడా పెద్దదే, ఒత్తులూ గుణింతాలూ ఓపెన్ మోడళ్ల చేతిలో ఎక్కువగా చెదిరిపోతున్నాయి.

అయితే అద్దె మోడల్‌కు మీరు పంపిన చిత్రమూ, అది చూసే చిత్రమూ ఒకటి కాకపోవచ్చు. ఉదాహరణకు ఓపెన్‌ఏఐ వారి జీపీటీ-4ఓ పూర్తి వివరాలతో చూడమన్నా, చిత్రాన్ని ముందు 2048 పిక్సెళ్ల చదరంలో ఇమిడేలా కుదిస్తుంది, తర్వాత చిన్న భుజాన్ని 768కి దించుతుంది. అంటే 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) స్కాన్ చేసిన ఏ4 పేజీ వంద డీపీఐ కన్నా తక్కువకు పడిపోతుంది. అడుగున ఉన్న చిన్న అక్షరాలు అక్కడే పోతాయి. క్వెన్ చిత్రాన్ని దాదాపు అసలు కొలతలోనే తీసుకుంటుంది, అందుకు తగ్గట్టు మెమరీ తింటుంది. ఏ మోడల్‌కైనా పేజీని ముక్కలు చేసి పంపడం మొదలుపెట్టాక ఫలితాలు ఎంతో మెరుగుపడ్డాయి.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది కల్పన. పాత ఓసీఆర్ (చిత్రంలోని రాతను గుర్తించే సాఫ్ట్‌వేర్) తప్పు చదివితే చెత్త గుర్తులు వచ్చేవి, తప్పని ఇట్టే తెలిసేది. ఈ మోడళ్లు చదవలేని చోట సరైనదానిలా కనిపించే పేరో తేదీయో మొత్తమో రాసి పెడతాయి. ఓపెన్, అద్దె అన్న తేడా ఇందులో లేదు. అందుకే అంకెలున్న ప్రతి గడినీ రెండు వేర్వేరు వంశాల మోడళ్లతో చదివిస్తాను. జవాబులు కలవని చోట మనిషి చూడాల్సిందే. ఒకే మోడల్‌ను రెండుసార్లు అడిగితే అదే తప్పును మళ్లీ అంతే ధీమాగా చెప్పొచ్చు.

ఓపెన్ మోడళ్ల వైపు నన్ను గట్టిగా లాగింది స్థిరత్వం. అద్దెకు వాడిన ఒక మోడల్ పేరు మారకుండానే లోపల మారింది, నెలల తరబడి సరిదిద్దుకున్న సూచనలు పనికిరాకుండా పోయాయి. నా డిస్కులో ఉన్న వెయిట్లను నేను తప్ప ఎవరూ మార్చరు. ఖర్చు మాత్రం ఉంది. 700 కోట్ల పారామీటర్లు, అంటే అన్ని వెయిట్లు ఉన్న మోడల్‌కు, ఒక్కోదాన్ని 16 బిట్లలో ఉంచితే వెయిట్లకే 14 జీబీ మెమరీ కావాలి. 4 బిట్లకు కుదిస్తే అందులో నాలుగో వంతు సరిపోతుంది కానీ, నా అనుభవంలో ముందుగా దెబ్బతినేది చిన్న అక్షరాలు చదివే శక్తే.

ఓపెన్ అని రాసి ఉంటే చాలనుకోకండి, లైసెన్స్ చదవండి. క్వెన్ 2.5-వీఎల్‌లో 7బీ (దాదాపు 700 కోట్ల పారామీటర్లది) వ్యాపారానికీ వాడుకోనిచ్చే అపాచీ 2.0 లైసెన్స్ కింద వస్తే, దానికన్నా చిన్నదైన 3బీ పరిశోధనకే పరిమితం. మెటా వారి ల్లామా 3.2 చిత్ర మోడళ్ల లైసెన్స్ యూరోపియన్ యూనియన్‌లోని సంస్థలకు హక్కులే ఇవ్వలేదు. అల్ట్రాలిటిక్స్ కంపెనీ యోలో, దాంతో చేసిన ప్రోగ్రామ్ కోడ్‌ను కూడా బయటపెట్టమనే ఏజీపీఎల్ లైసెన్స్ కింద ఉంది, వ్యాపారంలో పెట్టేముందు ఆ షరతులు తెలిసుండాలి.

ప్రస్తుతం నా పనిలో ఎక్కువ భాగం నా కంప్యూటర్‌లోనే నడుస్తోంది. చేతిరాత కాగితాలు మాత్రం ఇంకా బయటికే పంపుతున్నాను, అదీ వ్యక్తుల పేర్లు, ఫోను నంబర్లు ఉన్న గడులను ముందుగా కప్పేసిన తర్వాతే.