ఫ్లాయిడ్ రోజ్ గిటారా, కదలని బ్రిడ్జ్ గిటారా: తిరపతిలో రెండూ వాయించినాక నా మాట

నా దగ్గర రెండు ఎలక్ట్రిక్ గిటార్లు ఉండాయి. ఒకటి లాకింగ్ ట్రెమొలోది, అంటే బ్రిడ్జ్‌కి (బాడీ మీద స్ట్రింగ్స్ ఆనే ముక్క) ఉండే బార్‌ని ఊపితే శృతి కిందికీ పైకీ పోయేది, అందరూ ఫ్లాయిడ్ రోజ్ అంటారే ఆ రకం. ఇంకోటి బ్రిడ్జ్‌ని బాడీకి స్క్రూలేసి బిగించేసింది, ఎటూ కదలదు. మొదటిది కొని అయిదేండ్లు, రెండోది మూడేండ్లు. బైరాగిపట్టెడలో మా ఇంటికాడికి నెలకి ఒక పిలకాయన్నా వచ్చి "అన్నా, ఫ్లాయిడ్ ఉండేది కొనాల్నా, మామూలుది కొనాల్నా" అని అడగతా ఉంటాడు, ఒక్కొక్కడికీ ముప్పావుగంట చెప్పి చెప్పి గొంతు పోతా ఉంది, అందుకే ఒకేసారి రాసి పడేస్తా ఉండా.

ఫ్లాయిడ్ గిటార్ నేను ఎందుకు కొన్నానంటే ఏం లేదు, చూడడానికి బాగుండాది. బార్ పట్టుకుని కిందికి తొక్కితే విమానం కూలినట్టు గుయ్యిమని సౌండ్, ఇరవై రెండేండ్ల వయసులో అంతకంటే ఏం కావాల. ఇరవై ఎనిమిది వేలు పెట్టి ఆన్‌లైన్‌లో తెప్పించినా. గిటార్ బ్రాండ్ పేరు చెప్పను, బ్రిడ్జ్ మీద మాత్రం లైసెన్స్‌డ్ అని రాసుండాది, ఫ్లాయిడ్ రోజ్ డిజైన్‌ని అనుమతి తీసుకుని వేరేవాళ్ళు చేసింది అని దాని అర్థం, అప్పుడు నాకు తెలీదు.

ఇది ఎట్ల పని చేస్తాదో తెలిస్తేనే మిగతాదంతా అర్థమయ్యేది. మామూలు ట్రెమొలోలో బార్ నొక్కితే స్ట్రింగ్స్ వదులై శృతి కిందికి పోతాది, వదిలితే మళ్ళా అదే చోటికి రావాల, కానీ సరిగ్గా రాదు. స్ట్రింగ్ నట్ (మెడ పైచివర స్ట్రింగ్స్ ఆనే ముక్క) గాడిలో జారేటప్పుడు ఇరుక్కుంటాది, శృతి చేసే పెగ్‌కి చుట్టిన చుట్లు కూడా వదులై బిగుస్తా ఉంటాయి. 1954లో స్ట్రాటోకాస్టర్ వచ్చినప్పట్నించీ ఇదే గోల. (ట్రెమొలో అనే పేరే తప్పు, నిజానికి శృతి ఊగితే దాన్ని వైబ్రాటో అనాల, సౌండ్ పెరిగి తగ్గితే ట్రెమొలో, లియో ఫెండర్ అట్ల పెట్టేసినాడు, ఇంక ఎవరు మారుస్తారు.) 1970ల్లో అమెరికాలో ఫ్లాయిడ్ రోజ్ అనే ఆయన, నగలు చేసే పని కూడా తెలిసినోడు, నట్ దగ్గరే స్ట్రింగ్స్‌ని ఇత్తడి ముక్కతో బిగించేస్తే జారే పనే ఉండదు కదా అనుకున్నాడు. మన గాంధీ రోడ్డు బంగారం పనోళ్ళకి వచ్చే ఆలోచనే అది. 1979లో పేటెంట్ వచ్చింది, రాక్ గిటారిస్ట్ ఎడ్డీ వాన్ హేలెన్ దాన్ని పట్టుకున్నాక 80ల్లో రాక్ గిటార్ అంటే ఇదే అయిపోయింది.

నట్ దగ్గర లాక్, బ్రిడ్జ్ దగ్గర లాక్. మధ్యలో బ్రిడ్జ్ రెండు మొలల మీద కత్తి అంచులా ఆనుకుని గాల్లో ఉంటాది. ముందర ఆరు స్ట్రింగ్స్ లాగతా ఉంటాయి, వెనకాల గుంతలో మూడు స్ప్రింగులు లాగతా ఉంటాయి, రెండూ సమానంగా ఉంటేనే తక్కెడ నిలబడేది. 9-42 స్ట్రింగ్ సెట్ (ఆ అంకెలు స్ట్రింగ్స్ లావు) అయితే ముందర లాగేది దాదాపు 38 కిలోలు, ఇంకా లావు 10-46 వేస్తే 46 కిలోల దాకా పోతాది, అంటే సెట్ మార్చినావంటే బ్రిడ్జ్ పైకి లేస్తాది, వెనక మూత తీసి స్ప్రింగుల స్క్రూ బిగించాల, మళ్ళా ట్యూన్ చేయాల, ఒకటో స్ట్రింగ్ ట్యూన్ చేస్తే ఆరోది పోతాది, ఆరోది చేస్తే ఒకటోది పోతాది, ఇట్ల నాలుగైదు రౌండ్లు తిరిగితే గానీ కుదరదు. మొదటిసారి నేను స్ట్రింగ్స్ మార్చినప్పుడు తెలీక ఆరూ ఒకేసారి తీసేసినా, స్ప్రింగులు బ్రిడ్జ్‌ని లోపలికి లాగేసినాయి, రాత్రి పదకొండుకి మొదలుపెడితే కపిలతీర్థానికి పోయే జనం అలికిడి మొదలయ్యేదాకా కూర్చున్నా.

ఇంక స్టేజ్ మీద జరిగింది. మే నెల, గంగమ్మ జాతర టైమ్, ఒక వీధిలో ఆర్కెస్ట్రా ప్రోగ్రామ్. రెండో పాట మధ్యలో మూడో స్ట్రింగ్ టప్పుమని తెగింది. తెగితే ఒకటే పోవాల కదా, కాదు, లాగే బలం తగ్గింది కాబట్టి స్ప్రింగులు గెలిచినాయి, మిగతా ఐదూ పైకి పోయి అపశృతి. కీబోర్డ్ అన్న నా వైపు చూసి "ఏందబ్బా ఆపేసినావు, ఇంకా ఐదు ఉండాయి కదా, వాయించు" అంటాడు, ఆయనకి ఎట్ల చెప్పేది ఆ ఐదూ కూడా చచ్చినాయని. మిగతా ప్రోగ్రామ్ అంతా గిటార్ బిట్లు ఆయనే కీబోర్డ్‌లో వాయించినాడు, నేను పక్కన నిలబడి తల ఊపినా. డబ్బులు మాత్రం పూర్తిగా ఇచ్చినారు, అది ఇంకా సిగ్గు.

ఆ తర్వాత ఒక అంగట్లో సర్వీస్‌కి ఇస్తే నాలుగు రోజులు పెట్టుకుని, నట్ స్క్రూని బలమంతా పెట్టి బిగించి దాని తల అరగ్గొట్టి ఇచ్చినారు. వాళ్ళని అనేదానికీ లేదు, వాళ్ళ చేతికి వచ్చేవి హార్మోనియంలు, తబలాలు, అకౌస్టిక్ గిటార్లు, ఇట్లాంటిది ఎప్పుడో ఒకటి. మంచి చేయి కావాలంటే సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి మద్రాసు పోవాల. తిరపతిలో, చిత్తూరులో ఉండేవాళ్ళు ఫ్లాయిడ్ కొనేముందు ఆలోచించాల్సింది సౌండ్ గురించి కాదు, దీన్ని ఎవరు చూసుకుంటారు అని. నువ్వే చూసుకోవాల. నేను చివరికి ఉగాది సెలవులకి కూర్చుని నేర్చుకున్నా, ఇప్పుడు 3 ఎంఎం అలెన్ కీ నా బండి తాళంతో పాటే ఉంటాది.

అంత తిట్టి ఇప్పుడు ఇదేం మాట అనుకోవద్దు గానీ, ఒకసారి సెట్ అయిందంటే ఫ్లాయిడ్ అంత శృతిలో నిలబడేది ఇంకోటి లేదు. రెండు గంటలు బార్ పట్టుకుని ఎట్ల ఊపినా చెక్కు చెదరదు. రవ్వంత తేడా వస్తే బ్రిడ్జ్ మీద ఫైన్ ట్యూనర్లు ఉండాయి, వేలితో తిప్పితే సరిపోతాది. కాకపోతే ఇది మంచి బ్రిడ్జ్ సంగతి. ఒరిజినల్ ఫ్లాయిడ్ రోజ్ గట్టి స్టీల్, ఆ కత్తి అంచులు అంత తొందరగా అరగవు. నా దాంట్లో మెత్తని లోహం, ఏడాదిన్నరకే అంచు మొద్దుబారింది, బార్ వదిలితే ఒకసారి అక్కడ ఒకసారి ఇక్కడ ఆగతా ఉంది. కాబట్టి గిటార్ రంగు, బ్రాండ్ తర్వాత, ముందు బ్రిడ్జ్ ఏందో చూడు. తక్కువ రేటులో గిటార్ కావాల, దాంట్లో ఫ్లాయిడ్ కూడా కావాల అంటే అక్కడే మునిగేది.

కదలని బ్రిడ్జ్ గిటార్ గురించి రాయడానికి పెద్దగా ఏం లేదు, అదే దాని గొప్ప. స్ట్రింగ్స్ మార్చడం పది నిమిషాలు. డ్రాప్ డి (ఆరో స్ట్రింగ్‌ని ఒక స్వరం కిందికి దించేది) కావాలంటే ఆరో పెగ్ తిప్పు, అంతే, ఫ్లాయిడ్‌లో అయితే నట్ లాక్ విప్పాల, ఆరోది దించాల, దించితే మిగతా ఐదూ కదులుతాయి. అరచేయి బ్రిడ్జ్ మీద ఆనించి పామ్ మ్యూట్ ఎంత గట్టిగా కొట్టినా శృతి ఊగదు. మెటల్ బ్యాండ్ మెటాలికాలో చూడండి, రిథమ్ దంచే జేమ్స్ హెట్‌ఫీల్డ్ చేతిలో ఎక్కువగా కదలని బ్రిడ్జ్, సోలోలు వాయించే కిర్క్ హామెట్ చేతిలో ఫ్లాయిడ్, ఒకే బ్యాండ్‌లో ఎవరి పనికి తగ్గది వాళ్ళు పెట్టుకున్నారు. ఒకటే చిరాకు, నట్ గాడిలో స్ట్రింగ్ ఇరుక్కుని ట్యూన్ చేసేటప్పుడు టింగుమంటాది, పెన్సిల్ మొన అరగదీసి ఆ పొడి గాడిలో వేస్తే పోతాది.

నా మనసు నిజంగా మార్చింది మాత్రం ఇదేమీ కాదు, మా పిన్నమ్మ. ఆమె వీణ వాయిస్తాది. ఫ్లాయిడ్ బార్‌తో ఒక కీర్తన వాయించి గమకాలు ఎట్ల వచ్చినాయో చూడు అని గొప్పగా చూపించినా. విని "బాగుందిరా, కానీ అది గమకం కాదు, ఉయ్యాల" అన్నింది. నాకు రోషం వచ్చింది గానీ ఆలోచిస్తే నిజమే, బార్ కదిలిస్తే ఆరు స్ట్రింగ్స్ కలిసి ఊగుతాయి, వీణలో లాగేది ఒక్క తీగనే, పక్కన తాళం తీగలు వాటి పాటికి అవి నిలకడగా మోగతా ఉంటాయి. సరే అని వేలితోనే స్ట్రింగ్ లాగి వాయించినా, కింద ఒక స్ట్రింగ్‌ని శృతిలాగా మోగిస్తా. అప్పుడు బయటపడింది అసలు సంగతి. తేలే బ్రిడ్జ్‌లో ఒక స్ట్రింగ్ లాగితే బ్రిడ్జ్ ముందుకి వంగతాది, మిగతావి రవ్వంత కిందికి దిగతాయి, అంటే పాట పైకి పోతా ఉంటే శృతి కిందికి పోతా ఉంటాది. మెటల్ సోలోలో ఎవరికీ తెలీదు. సా పట్టుకుని వాయించేవాళ్ళకి చెవిలో ముల్లు గుచ్చినట్టు ఉంటాది. అదే కీర్తన కదలని బ్రిడ్జ్ గిటార్ మీద వాయిస్తే పిన్నమ్మ ఏమీ అనలేదు, కాఫీ పెట్టిచ్చింది. ఫ్యూజన్, కీర్తనలు, మెలోడీ పాటలు వాయించేవాళ్ళు అయితే ఇంక ఆలోచించే పనే లేదు, కదలనిది తీసుకోండి.

ఫ్లాయిడ్ అమ్మేసినానా అంటే లేదు. కొర్లగుంటలో తెలిసిన వడ్రంగి దగ్గర వెనక గుంతకి సరిపోయేట్టు చిన్న చెక్క ముక్క కోయించినా (ఎర్రచందనం కాదులే, మామూలు టేకు), దాన్ని బ్రిడ్జ్ కింద గుంతలోకి దిగుండే దిమ్మెకీ గుంత గోడకీ మధ్య పెట్టినా. ఇప్పుడు బార్ కిందికి పోతాది, పైకి రాదు. స్ట్రింగ్ తెగినా మిగతావి నిలబడతాయి, స్ప్రింగులు కూడా రవ్వంత జాస్తి బిగించిపెట్టినా కాబట్టి స్ట్రింగ్ లాగినా శృతి దిగదు. పైకి లాగే సౌండ్ పోయింది, దాన్ని నేను వాడింది ఎప్పుడో చెప్పండి. ప్రోగ్రాములకి పోయేది మాత్రం కదలనిదే, ఫ్లాయిడ్ ఇంట్లో, ఆదివారం సాయంత్రం పక్కింటోళ్ళు తిరుమల పోయినప్పుడు.

ఇంత చదివినాక కూడా సెకండ్ హ్యాండ్‌లో ఫ్లాయిడే కొంటాననే మొండోళ్ళు ఉంటారు, నాకు తెలుసు. ట్యూనర్ యాప్ పెట్టుకుని, బార్ పూర్తిగా తొక్కి వదులు, శృతి చూడు, ఇప్పుడు రవ్వంత పైకి లాగి వదులు, మళ్ళా చూడు, రెండుసార్లూ ఒకే చోటికి రావాల. నట్ స్క్రూల తలలు అరిగినాయా, మొలలు నిలిచిన చోట చెక్క పగిలిందా, ఫైన్ ట్యూనర్లు చివరిదాకా తిప్పేసి ఉండాయా చూడు. వెనక మూత కూడా తీయించు. అమ్మేవాడు మూత తీయనంటే డబ్బులు జేబులోనే పెట్టుకుని బస్సెక్కేయ్.